ఎరిక్ రాసిన ఏడు స్క్రిప్టులు

జూన్ 3, మంగళవారం

ఏడు స్క్రిప్టులు. ఏడింటిలోనూ మొదటి లైనులో ఎరిక్ పేరే.

లలిత్ దా, అంటే బెంగాలీలో లలిత్ అన్న, పొద్దున్న మీటింగులో చెప్పాడు. మన సాఫ్ట్‌వేర్ గుండెకాయంతా సి భాషలోనే ఉంది, దాని చుట్టూ చాకిరీ చేసే ఈ ఏడూ మాత్రం పన్నెండేళ్ళ కిందటి షెల్ స్క్రిప్టులు, కమాండ్లు వరసపెట్టి రాసిన చిన్న ప్రోగ్రాములు, విండోస్ మీద నత్తల్లా నడుస్తున్నాయి, కస్టమర్లు విసుక్కుంటున్నారు, దసరా పూజలలోపు అన్నీ సి లోకి మార్చెయ్యాలి. "రీనా, వీటి సంగతి నీకంటే బాగా ఎరిగినవాళ్ళు ఈ ఆఫీసులో ఎవరున్నారు?" అన్నాడు. అతనికేమీ తెలియదు. అతను మా మేనేజరుగా వచ్చి నాలుగేళ్ళే అయింది.

సరే అన్నాను. పనే కదా.

ఇంటికొచ్చి ఈ పుస్తకం తెరిచాను. తెలుగులో రాసుకుంటే భయం లేదు. సాల్ట్ లేక్‌లో మా అంతస్తులో దీన్ని చదవగలిగినవాళ్ళు లేరు. పక్క సీటు జ్యోతిరాణి కూడా చదవలేదు. భవానీపూర్‌లో కార్పొరేషన్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగింది, తెలుగు గలగలా మాట్లాడుతుంది, అక్షరాలు మాత్రం రావు. నాకు నాయనమ్మ బైబిలు ముందు పెట్టి నేర్పింది.

నన్ను కాదని ఖరగ్‌పూర్ వెళ్ళిపోయిన మనిషి రాసినవాటిని ఒక్కొక్కటే తీసేసే పని చివరికి నాకే దొరికింది. పదకొండేళ్ళయింది. నాకిప్పుడు బాధేమీ లేదు. ఆ మాట ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

జూన్ 4

లలిత్ దా ఎరిక్ మెయిలు అడ్రసు పంపాడు. అనుమానాలుంటే ఆయన్నే అడగమన్నాడు. అడగాల్సిన అవసరం రాదు.

జూన్ 6, శుక్రవారం

అడిగాను.

మొదటి స్క్రిప్టులో ఫైళ్ళ పేర్ల మధ్య ఖాళీలుంటే ఏం చెయ్యాలన్నదాని గురించి. మూడు వాక్యాలు రాయడానికి గంట పట్టింది. మొదట "ఎరిక్" అని రాశాను, కొట్టేసి "ఎరిక్ గారికి" అని రాశాను. నలభై నిమిషాల్లో జవాబొచ్చింది. "రీనా గారికి నమస్కారం" అని మొదలుపెట్టాడు. విషయం చక్కగా, ఒకటికి రెండు ఉదాహరణలతో వివరించాడు. చివర పేరు, కాలేజీ పేరు, ఫోను నంబరు. అంతే.

నేను గారు అన్నాను కాబట్టి అతనూ గారు అన్నాడు. అందులో తప్పేముంది?

జూన్ 8, ఆదివారం

చర్చిలో సువార్తమ్మ గారు మాకు రెండు వరసల ముందు కూర్చున్నారు. ఎరిక్ మేనత్త. ఆరాధన అయ్యాక వెనక్కి తిరిగి మా వదిన విజయ కుమారిని చూసి నవ్వారు. వదిన అటు తిరిగి చెప్పులు వెతుక్కుంది.

మధ్యాహ్నం ఇంట్లో చేపలు తోముతూ అదే గొడవ. "ఒలే రీనా, ఆ మనిసి నన్ను సూసి నవ్వుతాదేటి? నాను నవ్వుతాననుకుందేటి? ఆళ్ళ గుంటడు మా పిల్లని ఇలగ వొదిలీసి ఎలిపోతే, ఏ మొకం ఎట్టుకుని నవ్వుతాదే?"

"పోనీ వదినా. ఎప్పటి మాటో."

"నీకు ఎప్పటిదో. నాకు నిన్నటిదే."

మాట మార్చడానికి నా పని గురించి చెప్పాను. వదిన ఎప్పుడూ అడుగుతుంది, నేనెప్పుడూ సరిగా చెప్పలేదు. "నువ్వు జాకెట్టు కుట్టి, నచ్చక విప్పి మళ్ళీ కుడతావు కదా. మొదట ఎలా కుట్టావో, ఎక్కడ విప్పావో, రెండోసారి ఏం మార్చావో అన్నీ విడివిడిగా దాచే బీరువా అనుకో మా సాఫ్ట్‌వేర్. ఏ రోజు జాకెట్టు కావాలంటే ఆ రోజుది తీసుకోవచ్చు. ఆఫీసుల్లో ఫైళ్ళు అలా దాచుకుంటారు. తీసిచ్చే పనివాళ్ళు ఈ స్క్రిప్టులు. వాళ్ళు నెమ్మదైపోయారు. కొత్తవాళ్ళని పెడుతున్నాం."

"మరి పాతోళ్ళనేటి సేస్తారు?"

"తీసేస్తాం."

ఆ పాతవాళ్ళు ఎవరి చేతి పనో చెప్పలేదు. వదిన చేప తల పక్కన పెట్టి, "పాపం" అంది.

జూన్ 12

రెండు స్క్రిప్టులు అయ్యాయి. ఆరు ప్రశ్నలు అడిగాను. నాలుగోదానికీ అయిదోదానికీ జవాబు నాకు దాదాపు తెలుసు. అయినా రాసినవాళ్ళతో ఒకసారి సరిచూసుకోవడం మంచి పద్ధతి.

జూన్ 13, శుక్రవారం

ఈరోజు మెయిలు రాలేదు. కాలేజీలో పరీక్షలేమో.

జూన్ 17, మంగళవారం

వచ్చింది. అడిగినదానికి జవాబు, కింద ఒక ఖాళీ లైను, దాని కింద: "ఇక్కడ రెండు రోజులుగా వాన. అక్కడ?"

అక్కడ అంటే ఇక్కడ. గార్డెన్ రీచ్‌లో మా సందు నిండా నీళ్ళు. అన్నయ్య ఆదాము ఓడరేవు డాకులో క్రేన్ నడపలేక మధ్యాహ్నానికే ఇంటికొచ్చాడు. ఆటోలు లేవు, నేను ప్యాంటు మడిచి మోకాళ్ళ నీళ్ళలో బస్సు దాకా నడిచాను. ఇవన్నీ రాశాను. చదువుకుని అన్నీ తీసేసి "ఇక్కడా వానే" అని పంపాను.

హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కి లోకల్ రైలు రెండున్నర గంటలు. టైం టేబుల్ చూశాను, ఊరికే. పొద్దున్న ఆరు నుంచి బోలెడున్నాయి. పదకొండేళ్ళలో ఒక్కసారీ ఎక్కలేదు. ఎందుకెక్కాలి? వెళ్ళిపోయింది అతను.

జూన్ 19

పదమూడు ప్రశ్నలు. పదమూడు జవాబులు. ఒకసారి "గారు" మరిచిపోయాడు. వెనక్కి వెళ్ళి మూడుసార్లు చదివాను. మరిచిపోయాడు, నిజమే.

జూన్ 20

జ్యోతిరాణి నేను రాసినవాటిని పరీక్షించి సంతకం పెట్టాలి. అది దాటితేనే కస్టమరుకు వెళ్తుంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరుస్తూ అంది: "ఏటి రీనా, ఈ సైజు పని నువ్వు రెండ్రోజుల్లో తేల్చీసేదానివి. ఇప్పుడు నాలుగైదు రోజులు పడతంది. ఒంట్లో బాగోనేదా?"

"పాత కోడు. జాగ్రత్తగా చూడాలి."

"చూడు, చూడు" అంది. ఇద్దరు పిల్లల్ని స్కూల్లో దింపి, భవానీపూర్ నుంచి మెట్రో, బస్సు మారి వచ్చే మనిషి. ఊరికే మాటలు పెంచదు.

జూన్ 24, మంగళవారం

పద్నాలుగో ప్రశ్నకి జవాబు ఆలస్యంగా వచ్చింది. "క్షమించాలి. పాపకి జ్వరం, నిన్నంతా హాస్పిటల్లో ఉన్నాం."

నాకు తెలియదా ఏమిటి? పెళ్ళయిన సంగతి తెలుసు. పాప పుట్టినప్పుడు సువార్తమ్మ గారు చర్చిలో మిఠాయి పంచారు, వదిన తీసుకోలేదు, నన్నూ తీసుకోనివ్వలేదు. తెలిసిన సంగతే. "ఉన్నాం" అన్న ఒక్క మాట దగ్గర మధ్యాహ్నమంతా కూర్చుండిపోయాను.

పాపకి ఎలా ఉందని అడగాల్సింది. అడగలేదు.

జూన్ 25

ఇక ప్రశ్నలు అడగను.

చివరిది, ఏడో స్క్రిప్టు. చేస్తున్న పనిని తాత్కాలికంగా పక్కన దాచిపెట్టేది. మనిషి సగం పనిలో ఉండగా వేరే అర్జెంటు పని వస్తే, సగం పనిని ఇది లోపల భద్రం చేసి, బల్ల శుభ్రంగా తుడిచి ఇస్తుంది. తర్వాత అడిగితే తిరిగి పరుస్తుంది. ఇందులో ఒక చోట ఫైళ్ళ జాబితాను ఒకసారి చదివి, దాచి, తుడిచే ముందు మళ్ళీ అదే జాబితాను రెండోసారి చదువుతున్నాడు. అదే జాబితా. పైన కారణం రాయలేదు. రెండోసారి చదవడానికే సగం టైము పోతోంది.

పొరపాటున రాసి ఉంటాడు. తీసేశాను.

జూన్ 27, శుక్రవారం

ఏడో ప్రోగ్రాం పాతదానికంటే తొమ్మిది రెట్లు వేగం. జ్యోతిరాణి తన పరీక్షలన్నీ నడిపి సంతకం పెట్టింది. మా గార్డెన్ రీచ్ వైపే ఉన్న ఒక పడవల డిజైన్ ఆఫీసుకు మొదటగా పంపారు. లలిత్ దా సందేశ్ మిఠాయి తెప్పించి అందరికీ పంచాడు. ఏడు స్క్రిప్టులూ ఇప్పుడు లేవు. పాత మార్పుల చరిత్రలో మాత్రం ఉంటాయి, ఎవరైనా వెతికితే.

మెయిలు రాయడానికి ఇక కారణం లేదు. మంచిదే.

జూన్ 30

మంచిదే.

జూలై 3, గురువారం

డిజైన్ ఆఫీసు నుంచి ఫోను. సూరన్న గారని అక్కడి పాత డ్రాఫ్ట్స్‌మన్. సరుకు పడవ అడుగు భాగం డ్రాయింగు మూడు రోజులు గీశారు. నిన్న వేరే అర్జెంటు పని వస్తే మా ప్రోగ్రాంతో దాన్ని పక్కన దాచారు. ఈరోజు తిరిగి తెరిస్తే మిగతా ఫైళ్ళన్నీ ఉన్నాయి. ఆ డ్రాయింగు లేదు.

వినగానే నాకు తెలిసింది. ఏ లైనో తెలిసింది.

జూలై 4

మీటింగు. లలిత్ దా అడిగాడు: "దీన్ని పరీక్షించింది ఎవరు?" "నేను" అంది జ్యోతిరాణి. ఆమెను ఈ ప్రాజెక్టు నుంచి తప్పించారు. రావలసిన ప్రమోషను ఆపేశారు. నేను బల్ల వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ లైను తీసింది నేనని చెప్పలేదు.

జూలై 5, శనివారం

పొద్దున్నే సూరన్న గారి దగ్గరికి వెళ్ళాను. ఎవరూ పంపలేదు. శనివారం ఆఫీసులో ఆయనొక్కరే ఉన్నారు, చొక్కా చేతులు పైకి మడిచి మొదటి నుంచి గీస్తున్నారు. అరవైకి దగ్గర పడిన మనిషి. కిటికీ అవతల నది, ఎవరిదో లాంచీ హారను.

"ఆ కంపెనీ నుంచొచ్చినావా తల్లీ?" అన్నారు. తిడతారనుకున్నాను. కుర్చీ తుడిచి చూపించారు. "సోమారానికి ఇయ్యాల ఇది. నిన్న రేతిరి ఇంటికెల్లి పడుకున్నాను గానీ, కన్ను మూస్తే ఆ గీతలే. మొదటిసారి గీసినప్పుడు ఒంపు బాగా కుదిరింది. ఇప్పుడు కుదరతనేదు. సెయ్యి అదే, గీత అది కాదు."

"తప్పు నాది సూరన్న గారూ. ఒక లైను ఎందుకుందో తెలియక తీసేశాను."

"తెలీకపోతే అడగనేకపోనావా ఎవుల్నైనా?"

వరండాలోకి వెళ్ళి ఎరిక్ మెయిలు కింద ఉన్న నంబరుకు ఫోను చేశాను.

"హలో?"

"నేను. రీనాని."

"ఏటి రీనా?" అన్నాడు. గారు లేదు, నమస్కారం లేదు. పదకొండేళ్ళ కిందట మా ఆఫీసున్న సెక్టార్ ఫైవ్‌లో టీ బండి దగ్గర నా వైపు తిరిగి అన్నట్టే అన్నాడు.

విషయం చెప్పాను. అతను మధ్యలో ఒక్కసారే ఆపాడు: "రెండోసారి చదివే లైను తీసేసినావా?"

"తీసేశాను."

"తప్పు నాదే. పైన కారణం రాయాల్సింది, రాయనేదు. విను. ఆ డ్రాయింగు సాఫ్ట్‌వేర్ మధ్యమధ్యలో తనంతట తనే సేవ్ చేసుకుంటూ ఉంటాది. అప్పుడు పాత ఫైలు తీసేసి, కొత్తదాన్ని వేరే పేరుతో రాసి, తర్వాత అసలు పేరు పెడతాది. సరిగ్గా ఆ రెప్పపాటులో మన జాబితా చదివితే అసలు పేరుతో ఫైలు లేనట్టే, జాబితాకెక్కకుండానే తుడిచిపెట్టుకుపోతాది. అందుకే రెండోసారి చదివేది. కానీ భయపడకు. వేరే పేరుతో ఉన్నది లోపలికి వెళ్ళే ఉంటాది. ఏ జాబితాలోనూ పేరు లేని ముక్కలు లోపల పడి ఉంటాయి. వాటిలో వెతుకు. పదిహేను రోజులకి చెత్త ఊడ్చే ప్రోగ్రాం వచ్చి తుడిచేస్తాది, ఆలోపు."

సూరన్న గారి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని అతను ఒక్కొక్క కమాండూ చెప్పాడు, నేను కొట్టాను. పేరు లేని ముక్కలు నూట ముప్పై వచ్చాయి. పరిమాణం చూసి పెద్దవి ఏరాం. ఎనిమిదోది తెరిస్తే తెర మీద పడవ అడుగు భాగం పరుచుకుంది. సూరన్న గారు లేచి నా వెనక నిలబడ్డారు. "అదే. అదేనమ్మా" అన్నారు. వేలితో తెర మీద ఆ ఒంపు వెంట నెమ్మదిగా గీసి చూపించారు. ఆ తర్వాత టీ తేవడానికి కిందికి వెళ్ళారు, కళ్ళు తుడుచుకోవడానికేమో.

ఇంకా ఫోను పెట్టలేదు అతను. నేనూ పెట్టలేదు.

"పాపకి ఎలా ఉంది?" అన్నాను.

"తగ్గింది. బడికెళ్తంది."

"ఎరిక్, నేనడిగిన ప్రశ్నలు..."

"నాలుగోదానికే అర్థమైంది, నీకు జవాబులు తెలుసని."

"మరి ఎందుకు రాశావు?"

"నువ్వడిగినావు."

లాంచీ వెళ్ళిపోయింది. నది మీద ఏమీ లేదు.

"ఆ శుక్రవారం..." అని మొదలుపెట్టాను.

"వొద్దులే రీనా" అన్నాడు. మెత్తగానే అన్నాడు. "ఆ మాట ఇప్పుడొద్దు." ఆ పైన, "జాగ్రత్త" అని పెట్టేశాడు.

ఇక్కడైనా నిజం రాస్తాను. అతను నన్ను వదిలి వెళ్ళలేదు. ఖరగ్‌పూర్ కాలేజీలో ఉద్యోగమొచ్చింది, క్వార్టర్సు ఇస్తారు, పెళ్ళి చేసుకుని వెళ్దాం వస్తావా అని అడిగాడు. నాకు ఆ నెలే టీము అప్పగించారు. మా ఇంట్లో ఎవరూ ఎక్కని మెట్టు. శుక్రవారం సాయంత్రం బస్‌స్టాప్ దగ్గర చెప్తానన్నాను. శుక్రవారం ఆఫీసు వెనక గేటు నుంచి ఆటో ఎక్కి ఇంటికొచ్చేశాను. సోమవారం వరకు అతను కాల్ చేస్తూనే ఉన్నాడు. నేను ఎత్తలేదు. రానని చెప్పే ధైర్యం లేదు, వస్తానని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు. ఇంట్లో అడిగితే, అతనే వద్దని వెళ్ళిపోయాడన్నాను. ఒకసారి చెప్పాక రెండోసారి చెప్పడం కష్టం కాలేదు. తర్వాత నేనూ నమ్మాను.

జూలై 7, సోమవారం

లలిత్ దాకి చెప్పాను. లైను తీసేసింది నేను, ఎందుకుందో తెలియకుండానే తీశాను, అడగడానికి మనిషి ఉండి కూడా అడగలేదు, అది పరీక్షల్లో దొరికే తప్పు కాదు. జ్యోతిరాణిని వెనక్కి తీసుకున్నారు. ప్రమోషను మాట మళ్ళీ చూస్తామన్నారు. టీము నా చేతిలోంచి తీసేశారు. ఏ టీము కోసం ఆ రోజు వెనక గేటు నుంచి వెళ్ళానో అది.

జ్యోతిరాణి మధ్యాహ్నం భోజనానికి నా పక్కన కూర్చోలేదు. సాయంత్రం బస్సు దగ్గర మాత్రం అంది: "శుక్రవారం చెప్పుంటే బాగుండేది. మూడ్రోజులు మా అమ్మకి మొకం చూపించనేకపోయాను."

"తప్పయింది జ్యోతీ."

"అయింది" అంది. బస్సెక్కింది.

సి ప్రోగ్రాంలో రెండోసారి చదివే భాగం మళ్ళీ పెట్టాను. దాని పైన కారణం నాలుగు లైన్లు రాశాను.

జూలై 12, శనివారం

వదినకు చెప్పాను. వంటింట్లో, అన్నయ్య డ్యూటీకి వెళ్ళాక. వదిన పప్పు దించి స్టవ్ కట్టేసి, చివరిదాకా విన్నది. నన్ను తిడుతుందనుకున్నాను.

"సువార్తమ్మ మొగుడు పోయినప్పుడు," అంది, "నానెల్లనేదు. అయిదిళ్ళ అవతల శవం ఉన్నాది. నీ కోసరం ఎల్లనేదు."

కొంగుతో చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

జూలై 13, ఆదివారం

ఆరాధన అయ్యాక వదిన నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా. "పద" అంది. సువార్తమ్మ గారి వెనకే ఆవిడ ఇంటి దాకా నడిచాం. గుమ్మంలో ఆవిడ తిరిగి చూసి బిత్తరపోయారు.

"నువ్వే సెప్పు" అంది వదిన నాతో.

చెప్పాను. నిలబడే చెప్పాను. సువార్తమ్మ గారు కళ్ళద్దాలు తీసి నన్నే చూస్తూ విన్నారు.

"ఏటంతన్నావే పిల్లా? ఆడు నాకొక్క ముక్క సెప్పనేదే! ఎన్నిసార్లడిగినానో. ఎందుకురా ఆ పిల్లని అలగ సేసినావు, ఆళ్ళు మన మొకం సూడ్డం మానీసినారు అని. 'నాదే తప్పత్తా' అన్నాడు. పదకొండేళ్ళూ అదే మాట."

గోడకు ఆవిడ భర్త ఫోటో ఉంది. వదిన చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి, ఆ ఫోటో ముందు నిలబడి ఏడ్చింది. సువార్తమ్మ గారు వెళ్ళి ఆమె వీపు మీద చెయ్యి వేశారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. "నువ్వూ రా. అక్కడ నిలుసుంటావేటి?" అన్నారు ఆవిడ నాతో. ఆ గొంతులో కోపం ఉంది, అయినా రమ్మన్నారు.

టీ పెట్టారు. పెడుతూనే ఫోను తీసి, వారించేలోగా, స్పీకరు పెట్టి ఎరిక్‌కి కలిపారు. "ఏరా, నాదే తప్పు, నాదే తప్పు అన్నావు? ఈ పిల్లొచ్చి అంతా సెప్పీసింది. విజయ కుమారి కూడా వొచ్చినాది."

అవతల ప్రెషర్ కుక్కర్ కూత, ఒక చిన్నపిల్ల ఏదో అడగడం వినపడ్డాయి.

"ఆళ్ళకి టీ ఇచ్చినావా అత్తా?"

"ఇస్తన్నాను."

"రీనా అక్కడే ఉన్నాదా?"

సువార్తమ్మ గారు నా వైపు చూశారు. వదినా చూసింది. నేను తల ఊపాను.

"ఉన్నాది. మాట్లాడతావేటి?"

ఆ పిల్ల "నాన్నా" అని పిలిచింది. "వస్తన్నానమ్మా" అన్నాడు దానితో.

"వొద్దత్తా," అన్నాడు మాతో. "ఉన్నాదన్నావు కదా. ఉండనీ."

ఫోను ఆగిపోయింది. సువార్తమ్మ గారు కప్పు నా చేతిలో పెట్టారు. వదిన ఆవిడ పక్కనే మంచం మీద కూర్చుని, ఆఖరి రోజుల్లో ఆయనకు ఏం తినబుద్ధయ్యేదని అడుగుతోంది. ఆవిడ చెబుతున్నారు. నేను కప్పు పట్టుకుని, వాళ్ళ మాటల కింద 'ఉండనీ' అన్న ఆ ఒక్క మాటనే వింటూ, టీ చల్లారేదాకా కూర్చున్నాను. తర్వాత తాగాను.